సీటు పక్కన మీట

ఎనభై ఐదులో బెంగళూరు నుంచి తిరిగొచ్చే రోజు, పీణ్యలో వర్క్‌షాపు నడిపే నారాయణప్పగారు తన కొత్త చిన్న కారులో స్టేషన్‌లో దింపుతానన్నారు. పెట్టె పెడదామంటే డిక్కీ తెరుచుకోలేదు. వెనక పిడే లేదు.

"మీట లోపలే ఉండాదంట అప్పా, యాడుండాదో!" అన్నారాయన.

కొత్తదనం పోకూడదని సీట్ల మీదా కిందా ఉన్న ప్లాస్టిక్ కవర్లు ఆయన తీయనేలేదు. తడిమితే డ్రైవరు సీటు పక్కన, కవరు కింద ఏదో గట్టిగా తగిలింది. కవరు పట్టుకోగానే "చించొద్దప్పా!" అని అరిచారు. కవరు మీదనుంచే లాగాను. టక్కున డిక్కీ లేచింది!

వర్క్‌షాపులోంచి పనివాళ్లంతా ఈలలేస్తూ పరిగెత్తుకొచ్చారు. వరసకట్టి ఒక్కొక్కరూ లాగారు, తెరుచుకున్న ప్రతిసారీ చప్పట్లే. నా రైలు కదిలే వేళకు నేను రెండోసారి లాగడానికి వరసలో నిలబడి ఉన్నాను.