రెండాకుల విస్తరి

అడవిని కాపాడాలనుకునేవాడికి మొదట కావలసింది లెటర్‌హెడ్ అని నేను నమ్మాను. తొంభయ్యవ దశకం చివర్లో, సికింద్రాబాద్‌లో జీతాల ప్రోగ్రాములు రాస్తుండగా ప్లాస్టిక్ మీద విరక్తి పుట్టింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, అడ్డాకు విస్తళ్ల కంపెనీ పెట్టి, పచ్చ సిరాతో కాగితాలు అచ్చువేయించాను. ఖమ్మంలో పెళ్లి వంటల కాంట్రాక్టరు ఒకాయన మొదటి ఆర్డరిచ్చాడు. "ఐదారు ఆకులు కుట్టినవి వద్దండీ, సందుల్లోంచి చారు కారుద్ది. రెండాకులతో కుట్టినవే తేవాలి" అన్నాడు. ఆ సరుకు దొరికితే కంపెనీ ఉన్నట్టు, లేకపోతే లెటర్‌హెడ్ ఒక్కటే ఉన్నట్టు. అప్పటికి నేను అడ్డాకు తీగను ఫొటోలో కూడా చూడలేదు.

రైలు ఉదయం ఆరింటికి భద్రాచలం రోడ్డు స్టేషన్‌లో దింపింది. పేరు చూసి మోసపోకండి, అది కొత్తగూడెం. భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్లు. స్టేషన్ బయట ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీ మాత్రం రెండుసార్లు అడగాలి. బస్సులో నా పక్కన పాల్వంచ షిఫ్టుకు వెళ్తున్న ఫిట్టర్ కూర్చున్నాడు. నా కథంతా విన్నాడు.

"కంప్యూటర్ నౌకరీ ఇడిసిపెట్టి ఇస్తరాకులా? గీ ముచ్చట మా తమ్మునికి చెప్పకున్రి సార్. గా నౌకరీ కోసమే వాడు హైదరాబాద్‌ల కోచింగ్ తీసుకుంటున్నడు" అన్నాడు.

భద్రాచలంలో చర్ల బస్సు ఎక్కి, దుమ్ముగూడెం దాటాక దిగి, విస్తళ్లు కుట్టే కోయవాళ్ల ఊరికి మూడు కిలోమీటర్లు నడిచాను. నీళ్లు తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లలేదు, సంచి నిండా అడవిని కాపాడమనే కరపత్రాలున్నాయి కదా.

పదకొండున్నరకు ఊరు చేరాను. చెట్టు నీడన అయిదుగురు ఆడవాళ్లు కోయలో మాట్లాడుకుంటూ వెదురు పుల్లలతో ఆకులు కుడుతున్నారు. వాళ్లలో పెద్దది కన్నమ్మ. ముందు అన్నం తినమంది. నాకోసం ఎవరింటి నుంచో ఎర్రటి ప్లాస్టిక్ పళ్లెం తెప్పించి, కడిగి, అందులో అన్నం, చింతపండు పులుసు పెట్టింది. వాళ్లు మాత్రం ఆకుల్లో తిన్నారు. ప్లాస్టిక్ మీద నా ఉపన్యాసాన్ని పులుసుతో పాటు మింగాను.

తిన్నాక కరపత్రాలు పంచి, రెండాకుల విస్తరి సంగతి చెప్పాను.

"గంత పెద్దాకు చెట్టు మీదికి పాకిన ముదురు తీగెకుంటది సారూ. మేం చేతికందినయే తెంపుతం" అంది కన్నమ్మ.

"పైవి ఎలా వస్తాయి?"

"మొదట్ల తీగె నరికి గుంజితె అంతా కిందికొస్తది."

"అయితే నరకండి" అన్నాను.

అనేశాను. పుల్లలు కదలడం ఆగింది. ఒకామె కోయలో ఏదో అంది, ఎవరూ నవ్వలేదు.

"తీగె నరికితే వచ్చే ఏడు ఏం తెంపుతం సారూ?" అంది కన్నమ్మ. కోపంగా కాదు, తెలియనివాడికి చెప్పినట్టు. "నిరుడు ఒక సేటు వచ్చిండు, ఆయన గూడ గిదే మాటన్నడు. ఆయన అడివి గురించి కాయితాలు గిట్ల తేలే."

నాకు చాలా సిగ్గేసింది. వాళ్లు కుట్టిన ఆరాకుల విస్తళ్లు రెండు కట్టలు కొనుక్కుని బయలుదేరాను.

సాయంత్రం నాలుగింటికి భద్రాచలం బస్టాండు చేరాను. కట్టలు చూసి ఆకుల ఏజెంటు ఒకడు పలకరించాడు. "పెద్దాకు గావాల్నా? నేను కోయిస్త. ఏ తీగెదని మీరు అడగద్దు, గంతే."

వెంటనే కాదన్నానని రాయాలని ఉంది. ఖమ్మం బస్సు వచ్చేదాకా, అంటే ఇరవై నిమిషాలు, ఆలోచించాను. బస్సు వచ్చాక డ్రైవరును కాస్త ఆగమని బతిమాలి, ఎస్టీడీ బూత్ నుంచి ఖమ్మం కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, రెండాకులవి తేలేనన్నాను. "అయితే ప్లాస్టిక్‌వే వేయిస్తా లెండి" అన్నాడు ఆయన మర్యాదగానే.

ఖమ్మం దాకా నిలబడే ప్రయాణం. పాల్వంచ దాటాక, కంపెనీ పోయిందన్న బాధ కంటే నరకండి అన్న నా గొంతే ఎక్కువ బాధపెట్టింది. ఈ దారిన వెళ్లదలచినవారు ఉదయం బస్సే పట్టుకోండి, తాగే నీళ్లు మరవకండి. ఉద్యోగం మాత్రం మానకండి. కన్నమ్మను ఒక మాట అడిగి రావడానికి రెండు రోజుల సెలవు చాలు. నేను రాజీనామా ఇచ్చిన రోజున నా ఖాతాలో పద్దెనిమిది రోజుల సెలవుంది.