మణి చీర రంగు, నా రెండు కెమెరాలు

ఆదివారం పొద్దున ఆరున్నరకు హిందూపురం స్టేషన్లో టికెట్ కౌంటర్ ముందు నిలబడేసరికి నా దగ్గర రెండు కెమెరాలున్నాయి. రెండూ నావి కావు. ఒకటి మా స్కూలు డ్రాయింగ్ మాస్టారిది, సబ్బుపెట్టె అంత ఉంటుంది, జేబులో పడుతుంది. రెండోది నా దగ్గర పదో తరగతి చదివి ఇప్పుడు పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్న ఇర్ఫాన్‌ది. మిర్రర్‌లెస్ అనే పెద్ద రకం. దానికో నల్లసంచి, సంచిలో మళ్లీ చిన్న చిన్న గదులు. ఇద్దరూ కొత్తవి కొనుక్కుని పాతవి అమ్మేస్తున్నారు. ఒకరోజు వాడి చూసి, ఏది కావాలో సోమవారం చెప్పమన్నారు.

నలభై ఆరేళ్లు కెమెరా లేకుండా బతికినదాన్ని ఇప్పుడెందుకు కొనాల్సి వచ్చిందో చెప్పాలి. ధర్మవరంలో మా చెల్లెలు మణి, మరిది రామాంజి మగ్గం నేస్తారు. ఇన్నేళ్లూ షావుకారు ఇచ్చిన పట్టు, షావుకారు చెప్పిన డిజైను. ఈసారి మొదటిసారిగా సొంత పట్టుతో, మణి సొంతంగా గీసుకున్న అంచుతో ఒక చీర నేశారు. నిలువు దారం పడుగు ఎరుపు, అడ్డదారం పేక నీలం. కదిలిస్తే రంగు మారే చీర. దాన్ని ఫోన్లో ఫొటో తీసి విశాఖపట్నంలో ఒకావిడకు పంపితే ఆమె ముచ్చటపడి తెప్పించుకుంది, నాలుగు రోజులకే వాపసు పంపింది. ఫొటోలో రంగు ఒకటి, చేతికొచ్చిన రంగు ఒకటి అంది. మణి బతిమాలితే, సరిగ్గా ఇంకో ఫొటో పంపండి చూస్తాను, ఈసారి తేడా ఉంటే మాత్రం మళ్లీ అడగొద్దంది. ఆ చీర ఆమె తీసుకోకపోతే షావుకారు దగ్గరికే పోతుంది. దానితో పాటు మణి ధైర్యం కూడా పోతుంది, నా బాధంతా అదే. "నేనొచ్చి తీస్తాలే" అని అక్క హోదాలో అనేశాను.

నిజం చెప్పొద్దూ, చీర ఒక సాకు కూడా. ఆ పెద్ద కెమెరా మెడలో వేసుకుని తిరగాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, కొనకముందే వచ్చే వేసవిలో యాత్రలు కూడా ఖాయం చేసుకున్నాను.

పెనుకొండకు టికెట్ ముప్పై రూపాయలు. నేరుగా ధర్మవరం పోవచ్చు. కానీ రాని పనిని మొదటిసారి చెల్లెలి ముందు చేసి నవ్వులపాలు కావడం ఇష్టంలేక, పెనుకొండలో దిగి రెండు గంటలు సాధన చేద్దామనుకున్నాను. బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఎదుటి సీటాయన నా మెడలోని కెమెరాను కాసేపు చూసి, "ఏ చానల్ మేడమ్?" అన్నాడు.

"చానల్ కాదు, చెల్లెలింటికి పోతున్నా" అన్నాను. ఆయన ముఖంలో గౌరవం ఒక మెట్టు దిగింది.

ఎనిమిదికి పెనుకొండ. షేర్ ఆటోకు ఇరవై ఇచ్చి ఊళ్లోకి వచ్చాను. ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, టీ కలిపి యాభై ఐదు. బజ్జీ ఘాటుకు కళ్లలో నీళ్లొచ్చి మొదటి పావుగంట ఏ కెమెరాలోంచి చూసినా కోట మసకగానే కనబడింది. తర్వాత గగన్ మహల్ చుట్టూ తిరిగి గోడలనూ, కమానులనూ, గోడమీది పావురాలనూ రెండింటితోనూ తీశాను. చిన్నది సుఖం. నొక్కితే పని అయిపోయినట్టే. పెద్దదాని మీద మూడు చక్రాలున్నాయి. ఒకదాన్ని తిప్పితే వెలుగు మారుతుంది, ఇంకొకదాన్ని తిప్పితే బొమ్మ పసుపు వైపో నీలం వైపో జరుగుతుంది. "అది మీరు ముట్టుకోవద్దు మేడమ్, ఆటో మోడ్‌లో పెట్టినా" అని ఇర్ఫాన్ ముందే హెచ్చరించాడు. ఒకప్పుడు వాణ్ణి నేను లెక్కల పుస్తకం ముట్టుకోమని బతిమాలేదాన్ని.

పదింటికి బస్టాండు. అక్కడ గంపలో సీతాఫలాలు అమ్ముతున్న ఒకామెను అడిగి ఫొటో తీశాను. పెద్ద కెమెరా ఎత్తగానే ఆమె బేరం ఆపేసి, కొంగు సర్దుకుని, పళ్లను వరసగా పేర్చి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. చిన్నది తీస్తే దాన్నసలు లెక్కచేయలేదు, తన బేరం తాను చేసుకుంటూ నవ్వుతూనే ఉంది. ఆ రెండో ఫొటో నాకు భలే నచ్చింది. చిన్నదే కొనాలి అని అప్పటికప్పుడు తేల్చేసుకున్నాను. లోపల కొంచెం దిగులేసిన మాట కూడా నిజమే.

పదీ ఇరవైకి ధర్మవరం బస్సు. కండక్టరుకు ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చించి ఇచ్చాడు. పక్క వరసలో బత్తలపల్లి పోయే ఒక పెద్దాయన నల్లసంచిని ఒళ్లో పెట్టుకోమని నాకు రెండుసార్లు చెప్పాడు, కింద పెడితే అదిరిపోతుందట.

"పెండ్లికి పోతాండావామ్మా?"

"లేదన్నా, ఒక చీరను ఫొటో తీయాల."

"ఒక్క చీరకా?" అని ఆయన సంచినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మా కోడలు ఫోన్లోనే తీస్తాదే!"

ఆ ఫోన్ ఫొటో వల్లే వచ్చింది తంటా అని చెబితే అర్థం చేసుకుని తలూపాడు.

పన్నెండు దాటాక మణి ఇంటికి చేరాను. రామాంజి మగ్గం గుంటలో కాళ్లుపెట్టి నేస్తున్నాడు. "రా వదినా" అన్నాడు గాని చేయి ఆగలేదు. ఇలాంటి సహజమైన ఫొటోకే కదా చిన్న కెమెరా అని జేబులోంచి తీశాను. అంతే, ఆయన పేక దారం నడిపే నాడె పక్కన పెట్టేసి, పైనున్న దేవుడి పటం వెనకనుంచి ఆధార్ కార్డు తీసి, గుండెకు ఆనించి పట్టుకుని, మా స్కూలు పిల్లలు అసెంబ్లీలో నిలబడినట్టు బిగుసుకుపోయాడు.

"అదేమప్పా?"

"మగ్గం దగ్గర ఎవురు ఫొటో తీసినా ఇట్లే కదా వదినా తీసేది. గవర్నమెంటు స్కీముకి."

ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఇరవై ఏళ్లుగా నేస్తున్న మనిషికి మగ్గం మీద కార్డు లేని ఫొటో ఒక్కటీ లేదు. కార్డు లోపల పెట్టించి, పెద్దదానితో మళ్లీ తీశాను. ఈసారి లేచిపోయి మొహం కడుక్కుని తెల్లచొక్కా వేసుకొచ్చాడు. వేసుకోనీ, ఆయన ఫొటో ఆయనిష్టం.

ఇక చీర. నేను మిద్దెమీద ఎండలో పరుద్దామన్నాను. మణి ఒప్పుకోలేదు.

"మొన్న ఆడ తీసే చెడింది. ఎండలో రంగు చూడకూడదక్కా. అద్దకం చేసేటోళ్లు కూడా వాకిట్లో నీడకొచ్చే చూస్తారు. మూడు గంటలు కానీ."

సరే అని సంగటి, ఊరిబిండి తిని, మూడింటిదాకా కబుర్లు చెప్పుకున్నాం. ఎండ వాకిలి దాటిపోయాక రామాంజి చీర విప్పి, ముంజేతిమీద మడత విరిచి పట్టుకున్నాడు. మడత ఒక వాలు ఎర్రగా, ఇంకో వాలు నీలంగా మెరిసింది. ఇన్నేళ్లూ షావుకారు అంగట్లో గిరాకీలకు చీర చూపించే పద్ధతి అదేనట. నేల మీద పరిచిన చీర సగమే చీర అన్నాడు.

చిన్న కెమెరాతో ఒకటి తీశాను, ముచ్చటగా వచ్చింది. దాంతోనే రెండో ఫొటోలో జరీ అంచు కూడా పడేటట్టు కాస్త జరిగానో లేదో, చీరంతా ఇటుకరంగుకు తిరిగింది. ఇంకొంచెం వెనక్కి జరిగితే బూడిదరంగు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టే రకం అది. పెద్దదానితో తీస్తే ఆటో మోడ్‌లో అదీ దాదాపు అంతే చేసింది, కాకపోతే దారాలు మరింత స్పష్టంగా తప్పు రంగులో పడ్డాయి. పదిహేను తీశాను. మణి నా భుజం మీదుగా ఒక్కొక్కటీ చూసి, "ఇది కాదు" అంటూ వచ్చింది. చివరికి దాని గొంతులో ఉసూరు వినబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత దూరం రెండు కెమెరాలు మోసుకొచ్చి షావుకారుకే పని చేసిపెట్టినట్టున్నాను.

"ఈ చక్రమేమిటికి?" అంది మణి.

"ముట్టుకోవద్దు. రంగు మారిపోతుంది."

"రంగు మారుతుందా? అట్లయితే ఇటియ్యి."

లోపలికిపోయి ఎర్రపట్టు, నీలంపట్టు చుట్టిన కండెలు రెండు తెచ్చింది. నేతలో దారం తెగినప్పుడు రంగు కలిసిందో లేదో చూడడానికి ఈ ఇంట్లో రోజూ చేసే పనే. చీర వైపు కెమెరా పట్టుకుని, కండెలను తెర పక్కన ఆనించి, చక్రాన్ని ఒక్కొక్క గీతే తిప్పుతూ పోయింది. తెరమీద ఎరుపు మెల్లగా ఇటుకరంగు వదిలించుకుంది, నీలం తేరుకుంది. కండెకూ తెరకూ తేడా కనబడనిచోట ఆపింది.

"చిన్నదాంట్లో అదే దానిష్టమొచ్చినట్టు తిప్పుకుంటాది. దీంట్లో మనం తిప్పేదానికి ఉండాది" అని బటన్ నొక్కింది.

ఆ ఫొటో చూసి రామాంజి చీరను ఇంకోవైపు మడత విరిచి, "ఇదీ తియ్యి" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, పొద్దుటినుంచీ ఏ కెమెరా మంచిదని చూస్తున్నానే తప్ప ఎవరి చేతికి అని ఆలోచించలేదని. అసూయ పడలేదంటే అబద్ధం. చెల్లెలు నాకన్నా తెలివైనదని నలభై ఏళ్లుగా మా నాయన చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు. ఇర్ఫాన్‌కు ఫోన్ చేసి పెద్దది నేనే తీసుకుంటున్నానని చెప్పాను. బొమ్మల్ని కెమెరాలోంచి ఫోన్లోకి ఎక్కించడం వాడు చెబుతుంటే మణి అరగంటలో నేర్చేసుకుంది. నల్లసంచి ఇక్కడే ఉంటుందన్నాను. మణి వద్దు వద్దంది. అక్కను నేను, నోరు మూసుకోమన్నాను.

ఐదూ నలభైకి ధర్మవరం స్టేషన్. హిందూపురానికి టికెట్ తీసుకుని బండెక్కితే జనం బాగానే ఉన్నారు. మెడ ఖాళీగా, జేబులో డ్రాయింగ్ మాస్టారి కెమెరా. దాన్ని నేను ఉంచుకుంటాను. పోయేదారిలో పళ్లమ్మే ఆమె నవ్వు లాంటిది దొరికితే అదే తీయగలదు. ఈ దారిన వచ్చేవారెవరైనా ఏ కెమెరా కొనమంటారని అడిగితే, ఏమి తీయబోతున్నారో, ఎవరు తీయబోతున్నారో ముందు చెప్పండి అంటాను. పెనుకొండలో బజ్జీ మాత్రం ఒకటి చాలు.

పెనుకొండ వస్తుండగా మణి ఫోన్.

"అక్కా, ఆయమ్మకు రెండు ఫొటోలూ పంపినా. ఇందులో చీర రంగు ఎరుపా, నీలమా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"రెండూ అని రాసినా. చేతిలోకి తీసుకుంటే వంకాయరంగు కూడా కనపడ్తాది, మూడింటికీ ఒప్పుకుంటేనే చెప్పమ్మా అని పెట్టినా."

"కొనేవాళ్లకు అట్లా రాస్తారా పిచ్చిదానా!"

"ఒప్పుకునింది అక్కా. ఒప్పుకునింది. ఆ మూడు రంగుల కోసమే కావాలంట. రేపే పంపమంటాంది."

తర్వాత అదేమి చెప్పిందో బండి చప్పుడులో వినబడలేదు, వినే స్థితిలోనూ నేను లేను. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే ఎదుటి సీట్లోని అవ్వ ముందుకు వంగి నా మోకాలు పట్టుకుంది.

"ఏమాయ పాపా? ఎవరికన్నా బాగలేదా?"

"లేదవ్వా. మా చెల్లెలి చీర అమ్ముడుపోయింది."

అవ్వ ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, నా మోకాలిమీద ఒకటి చరిచింది. "దానికి ఏడుస్తారా ఎవురన్నా? నగు తల్లీ!"