సిగ్గుపడి దాచుకున్న జబ్బు

సహోదరీ సహోదరులారా, ఈ సంగతి నలుగురిలో చెప్పాలంటే నాకింకా సిగ్గుగానే ఉంటుంది, అయినా నేను నోరు మూసుకుంటే మరో తల్లి నాలాగే ఏడవాల్సి వస్తుందని లేచి నిలబడ్డాను.

తొంభైల నాటి మాట. మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. మా ఆయన మండపేట మిల్లు బియ్యం వేసుకుని లారీ మీద దూరాలు వెళ్ళేవారు. ఒకసారి ఆయన వచ్చి వెళ్ళాక నాకు చెప్పుకోలేని చోట చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, దురద లేదు, కొన్నాళ్ళకు దానంతటదే మానిపోయింది, ప్రభువే బాగుచేశాడనుకున్నాను! తర్వాత జ్వరం తగిలింది, అరచేతుల్లో అరికాళ్ళలో ఎర్రటి మచ్చలు లేచాయి, జుట్టు కుచ్చులుగా ఊడింది.

"వేడి చేసిందమ్మా, కొబ్బరినీళ్ళు తాగు" అన్నారు అత్తగారు. తాగాను. మచ్చలూ పోయాయి. అప్పటికి నేను నెల తప్పాను. పుండు సంగతి ఎవరికీ చెప్పలేదు. నెలలు నిండకుండానే కాన్పయింది, ఆడపిల్ల, చనిపోయి పుట్టింది.

అమలాపురం ఆస్పత్రిలో డాక్టరమ్మగారు రక్తం పరీక్ష చేయించి చెప్పారు: "ఇది సవాయి రోగమమ్మా, సిఫిలిస్. కలయిక వల్ల అంటుకుంటుంది. పుండు మానినా లోపల ఉండిపోతుంది, కడుపులో బిడ్డకీ సోకుతుంది. మందుంది. మీ ఆయనకీ వైద్యం చెయ్యాలి, లేకపోతే మళ్ళీ నీకు వస్తుంది."

"ముందే వచ్చుంటే పిల్ల దక్కేదాండీ?"

"దక్కేదేమోనమ్మా" అన్నారావిడ.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆయన "నాకేం రోగం లేదు, నేన్రాను" అని లారీ ఎక్కి వెళ్ళిపోయారు. నేను చాప మీద పడి, "యేసయ్యా, ఆయన్ని క్షమించే మనసు నాకు లేదు, నువ్వే ఇయ్యి, ఆయన్ని వెనక్కి తీసుకురా" అని ఏడ్చాను. దేవుడు విన్నాడు! జొన్నాడ దగ్గర లారీ పక్కకాపేసి బస్సెక్కి వచ్చేశారు మా ఆయన.

"బండి ముందుకు నడపలేకపోయేనే. దారిలో తప్పు చేసేను. నాకూ పుండు లేచింది, మానిపోయింది కదా అని ఊరుకున్నాను. పిల్లని నేనే పోగొట్టేను" అని గుమ్మంలోనే ఒప్పుకుని, మర్నాడే నాతో ఆస్పత్రికి బయల్దేరారు.

ఇద్దరం పెన్సిలిన్ ఇంజక్షన్లు చేయించుకున్నాం, మళ్ళీ పరీక్షలకు వెళ్ళాం, జబ్బు నయమైంది, తర్వాత ప్రభువు మాకు ఒక కొడుకునిచ్చాడు. దేవునికే మహిమ!

కానీ ఆ పిల్ల కోసం ఇప్పటికీ కుమిలిపోతాను. దేవుడు ఆస్పత్రి తలుపు తెరిచే ఉంచాడు, సిగ్గుపడి నేనే గడప తొక్కలేదు. అమ్మలారా, అయ్యలారా, మీ ఒంట్లో బాధ ప్రభువుకు చెప్పుకోండి, ఆయన మిమ్మల్ని అసహ్యించుకోడు. ప్రార్థన చేసి లేచి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.