ఐదు వేల సెకన్ల బేరం

ఆకాశంతో బేరమాడి నెగ్గినవాణ్ణి పటాన్‌చెరు మొత్తం మీద నేనొక్కణ్ణే. నలభై వేల సెకన్లు అవసరమైన పనికి ఐదు వేలే అడిగి, అవతలివాళ్ళు ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఒప్పుకునేలా చేశాను. (అవతలివాడు కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడంటే మునిగింది మనమేనని మా బట్టల దుకాణంలో ఆడుకునే పిల్లలకు కూడా తెలుసు. నాకే ఎందుకు తట్టలేదంటే, ఎమ్మెస్సీ చదవడం వల్ల అని మా నాయిన అభిప్రాయం.)

ఆ రోజుల్లో, అంటే ఇంటర్నెట్టు కావాలంటే బస్టాండు దగ్గర చెక్కలు అడ్డం పెట్టిన అరలో గంట లెక్కన కూర్చోవలసిన రోజుల్లో, ఒంటరిగా ఉండడమంటే గొప్పవాళ్ళ లక్షణమని నేను నమ్మేవాణ్ణి. కనుక నేను చాలా గొప్పగా ఉండేవాణ్ణి. పొద్దున సిటీ బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళితే అక్కడ నన్ను ‘బట్టల షాపు’ అనేవారు. సాయంత్రం తిరిగొస్తే మా వీధిలో ‘చుక్కల సారు’ అనేవారు. రెండు పేర్లలోనూ ఎగతాళి సమానంగానే తూగేది. బస్సులో నా చుట్టూ ఫ్యాక్టరీల మనుషులు తమ సూపర్‌వైజర్లను హిందీలో, తెలుగులో కడుపారా తిట్టుకుంటూ ఇస్నాపూర్ దాకా హాయిగా పోయేవారు. నాకూ ఒక సూపర్‌వైజరు ఉన్నాడు, కానీ కలిసి తిట్టడానికి తోడెవరూ లేరు. ఇంటికొచ్చి దుకాణం మీది గదిలో, పేర్చిన బట్టల తానుల మధ్య, పాత కంప్యూటరు ముందు కూర్చుంటే కింది నుంచి బేరాల చప్పుడు మెట్ల మీదుగా పైకొచ్చేది. నా గదిలోంచి కిందికి వెళ్ళే చప్పుడు మాత్రం ఏమీ ఉండేది కాదు.

నా పరిశోధన ఒక జంట నక్షత్రాల మీద. అందులో ఒకటి ఎప్పుడో చచ్చిపోయింది. చచ్చినా ఊరుకోక, పక్కనున్న బతికున్న నక్షత్రం ఒంటి మీది వాయువును లాక్కుంటూ ఉంటుంది. అలా లాక్కున్నప్పుడు ఎక్స్‌రే కిరణాలు పుడతాయి. అవి మన గాలిని దాటి నేలకు రావు కాబట్టి పైన తిరిగే ఉపగ్రహమే వాటిని చూడాలి. నా జంట కొంతకాలం కింద ఒక్కసారి భగ్గుమని, తర్వాత మసకబారింది. ఎంత మసకబారిందో అప్పటికి ఎవరూ చూడలేదు. అది చూస్తే నా సిద్ధాంత గ్రంథం పూర్తవుతుంది. చూడకపోతే ఏమవుతుందో నాయిన ముందే చెప్పేశాడు. “ఈ దసర దాక సూస్త. గా చుక్క సంగతి తేలిందా, నీ తొవ్వ నీది. తేలలేదా, వచ్చి గల్లా మీద కూసో. నా మోకాళ్ళు ఇగ మెట్లెక్కుతలెవ్వు.”

ఒక విదేశీ ఉపగ్రహం ఉండేది. ఏ దేశంవాడైనా, ఏ చుక్కను ఎన్ని సెకన్లు చూడాలో, ఎందుకు చూడాలో రాసి పంపితే, అక్కడొక కమిటీ కూర్చుని తేలుస్తుంది. మా గైడు గారు గుంటూరు వైపు మనిషి, మాటల్లో మహా పొదుపరి. లెక్క కట్టి, “నలభై వేల సెకన్లు అడుగు. తగ్గితే ఏమీ కనపడదయ్యా,” అన్నారు.

“సార్, కొత్తోన్ని. గంత అడిగితే గడప కాడినుంచే పంపిస్తరు. ఐదు వేలు అడుగుదం. ఆల్లే అంటరు, ఐదు వేలేం సరిపోతయి, ఇంకిన్ని తీస్కపో అని.”

“వాళ్ళెందుకంటారయ్యా?”

“జాకెట్టు ముక్క కోసం వచ్చిన మనిషికి మా నాయిన చీర చూపెట్టకుండ ఎన్నడన్న పంపిండా సార్?”

గైడు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మీ నాన్నగారు ఆ కమిటీలో లేరు గదయ్యా,” అన్నారు. తర్వాత, “దరఖాస్తు నీ పేరు మీద పోతుంది. నీ ఇష్టం,” అన్నారు. ఆ ‘నీ ఇష్టం’ అన్నది మా దుకాణంలో కూడా వాడే మాటే. వచ్చిన గిరాకీ, రంగు వెలిసే గుడ్డనే పట్టుకుని వదలనప్పుడు నాయిన సరిగ్గా అదే గొంతుతో అంటాడు. నేను గుర్తుపట్టలేదు.

కొన్ని నెలలకు జవాబు వచ్చింది. ఐదు వేలు అడిగారు, ఐదు వేలు ఇచ్చాము. అంతే. ఇంకొంచెం తీసుకోమని లేదు, చీర చూపించలేదు. అయినా గెలిచాననే అనుకుని, ఆ సంతోషంలో ఇంటర్నెట్టు అరలోంచి బయటికొచ్చి మిర్చి బజ్జీలు కట్టించుకున్నాను. పొట్లం పట్టుకున్నాక గాని, ఎవరికి పెట్టాలన్న ప్రశ్న రాలేదు. గెలిచానని చెప్పాలంటే ముందు ఆట ఏమిటో చెప్పాలి. అంత ఓపికగా వినేవాళ్ళు నాకు ఎవరూ గుర్తు రాలేదు. బస్టాండులో నిలబడి, పొట్లం మొత్తం నేనే తిన్నాను. (సాయంత్రం కడుపునొప్పి వచ్చింది. దాని కారణం కూడా ఎవరికీ చెప్పలేదు.)

ఉపగ్రహం నా చుక్కను చూసే రోజు, వేళ ముందే తెలిపారు. మన గడియారంలో అది మిట్టమధ్యాహ్నం. సరిగ్గా బళ్ళు తెరిచే కాలం, స్కూలు డ్రెస్సుల గుడ్డకు జనం ఎగబడుతున్నారు. నాయిన కింది నుంచి కేకేసి మీటరు కర్ర చేతికిచ్చాడు. చిట్కుల్ నుంచి వచ్చిన ఒకామె, మా పాత గిరాకీ, నా చూపు మాటిమాటికీ పైకే పోవడం కనిపెట్టింది.

“ఏంది తమ్మీ, మీదికే సూస్తున్నవ్?”

“ఏం లేదక్కా, మీద నా పని నడుస్తుంది.”

“స్లాబ్ ఏస్తున్నరా?”

“కాదక్కా. నా కోసం ఒక ఉపగ్రహం ఇప్పుడు ఒక చుక్కను చూస్తుంది.”

ఆమె వీధిలో కాస్తున్న ఎండను చూసి, నన్ను చూసింది. “పట్టపగలా?”

“దానికి పగలు రాత్రి లేదక్కా. ఎప్పుడంటే అప్పుడే.”

“మా ఇంటాయన కంపెనీ లెక్కనే ఉంది. షిఫ్టు అలవెన్స్ ఇస్తున్నరా మరి?”

“లేదక్కా.”

“గట్లయితే యూనియన్‌ల చేరు. ముందు గా గుడ్డ జెర సక్కగ కొలువు, బెత్తెడు తక్కువేస్తున్నవ్.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే నా ఐదు వేల సెకన్లు అయిపోయాయి. నా జీవితంలో ఆకాశం నా పేరు మీద పనిచేసిన ఆ కాస్సేపూ నేను నీలం రంగు గుడ్డ కొలుస్తూ గడిపాను. పైగా తక్కువ కొలుస్తూ.

చూపు తాలూకు వివరాలు కొన్నాళ్ళకు విశ్వవిద్యాలయం కంప్యూటరులోకి దిగాయి. ఎక్స్‌రే వెలుగు ధారగా రాదు, చినుకుల్లా ఒక్కొక్క కణంగా వస్తుంది. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్క. నా నక్షత్రం ఉండవలసిన చోట సున్నా చుట్టి, లోపలున్నవి లెక్కపెట్టాను. పదకొండు. పొరపాటేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే. ఖాళీ ఆకాశంలో అంతే సున్నా చుడితే ఎనిమిది దాకా పడుతున్నాయి. అంటే ఆ ఎనిమిదీ దారిన పోయేవి. మూడు మిగిలాయి. అవి నా చుక్క నుంచి వచ్చాయో, అవీ దారిన పోయేవేనో చెప్పే మార్గం లేదు. గైడు గారు నా భుజం మీంచి తెరను చూసి, “నలభై వేలన్నాను,” అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని చాలాకాలం అనుకున్నాను. మళ్ళీ అడగాలంటే వచ్చే ఏడాది దాకా ఆగాలి. దసరా అంతకన్నా ముందే వస్తుంది.

ఆ సాయంత్రం దుకాణంలో గిరాకీ లేదు. నాయిన తానులు చుడుతున్నాడు. నా మొహం చూసి, ఏళ్ళ తరబడి అడగనిది అడిగాడు.

“ఎంతొచ్చింది?”

“పదకొండు.”

“అన్ని మనయేనా?”

“ఎనిమిది మనయి కావు నాయినా. మూడు మనయో కావో తెల్వది.”

నాయిన తాను పక్కన పెట్టాడు. “గిదేం కొలతరా? మీటరు తక్కువొచ్చిందని గిరాకీ అంటే మనం మళ్ళ కొలుస్తలేమా? ఆల్ల ఫోన్ నంబర్ ఇయ్యి, నేను మాట్లాడ్త.”

“తక్కువ అడిగింది నేనే నాయినా. బేరం అనుకున్న.”

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. గల్లా మీద చెయ్యి కొట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, “నా కొడుకువే,” అన్నాడు. ఎమ్మెస్సీ పాసైనప్పుడు కూడా ఆయన ఆ మాట అనలేదు.

దసరా నాటి నుంచి నేను గల్లా మీదే ఉన్నాను. నా పని పూర్తిగా వృథా పోలేదు. ఎవరో రాసిన వ్యాసంలో ఒక పట్టికలో, నా జంట నక్షత్రం ఎదురుగా, ‘వెలుగు ఇంతకు మించి లేదు’ అని ఒక అంకె ఉంది. అది నా ఐదు వేల సెకన్ల నుంచి వచ్చిన అంకె. ఎంత ఉందో చెప్పలేకపోయాను, ఎంతకు మించి లేదో చెప్పాను. ఒంటరిగా బస్టాండులో బజ్జీలు తింటున్న ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే, పక్కన నిలబడి ఒకటి అడిగి తీసుకోవాలనిపిస్తుంది.

ఇక బిల్లు. వచ్చినవి పదకొండు. దారిన పోయేవి ఎనిమిది, కొట్టివేత. మిగిలినవి మూడు. వేల ఏళ్ళ కింద బయలుదేరి, మధ్యలో ఎవరూ ఎదురుపడక, నేను బెత్తెడు తక్కువ గుడ్డ కొలుస్తున్న మధ్యాహ్నం చేరుకున్నాయి. నావేనని రుజువు చేయలేను. కాని మా దుకాణం రసీదు మీద ఎర్ర సిరాతో అచ్చు వేసిన మాట వాటికీ వర్తిస్తుంది. వాపసు లేదు.