కుంకుమ అంటిన ఫ్లాపీలు

2003 ఎండాకాలం. అనంతపురం గడియారస్తంభం దగ్గర నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు బయటికి తీస్తానని బోర్డు మీద గొప్పగా రాయించుకున్నాను.

ఒకరోజు కంబదూరు నుంచి ఓబులపతి అనే రిటైరైన గుమాస్తా వచ్చాడు. వెంట మారెక్క, ఇరవయ్యేళ్ల అమ్మాయి, ధర్మవరంలో మగ్గం నేస్తుంది. చిన్నప్పుడు కరువులో వాళ్ల నాయన ఆమెను ఓబులపతి పనిచేసే హాస్టల్లో చేర్చి, బెంగళూరుకు కూలికి పోయాడు. మళ్లీ కనిపించలేదు. తర్వాత హాస్టల్ మూతపడింది, రిజిస్టర్లు చెదలపాలయ్యాయి. మిగిలినవి పిల్లల వివరాలు ఎక్కించి ఓబులపతి ఇంట్లో దాచిన ఆరు పాతకాలపు ఫ్లాపీలే. అప్పడమంత వెడల్పుండి, చేత్తో వంచితే వంగే రకం.

నాయన పేరు హనుమంతు అని మారెక్కకు తెలుసు. ఆ పేరు గలవాళ్లు మా జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

"మా ఊరు యాదో తెలిస్తే చాలన్నా. నన్నెందుకు ఇడ్సిపెట్టినాడో ఆయప్పను అడగాల," అంది.

కవరు విప్పి చూస్తే నాకు ఒళ్లు మండింది. ఫ్లాపీ తొడుగులో డిస్కు కనబడే సందు నిండా ఎర్రటి పొడి. ఏటా ఆయుధపూజకు కొడవలికీ మగ్గానికీ పెట్టినట్టే ఫ్లాపీలకూ పసుపు, కుంకుమ పెట్టాడట. ఇంత చదువుకుని ఇదేం పని అని ఆ పెద్దాయన మీద గట్టిగానే అరిచాను.

"అన్నం పెట్టిన సామాను కదప్పా," అని తల వంచుకున్నాడు.

ఆ సైజు ఫ్లాపీని చదివే డ్రైవు తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ తుక్కులో దొరికింది. తొడుగు బ్లేడుతో కోసి, లోపలి పలచని డిస్కును డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, నీడన ఆరబెట్టి, వేరే తొడుగులో పెట్టాలి. డ్రైవులో డిస్కును తాకి చదివే హెడ్డుకు కుంకుమ అంటినప్పుడల్లా తుడవాలి. వారం రోజులకు నా వేళ్లు పేరంటానికి వెళ్లొచ్చినట్టు తయారయ్యాయి.

మూడు ఫ్లాపీలు అసలు పలకలేదు. నాలుగోదాంట్లో ఫైలు తెరుచుకోకపోయినా, సెక్టార్లు, అంటే డిస్కు మీద సమాచారం దాచే చిన్న ముక్కలు, ఒక్కొక్కటే చదివితే మారెక్క పేరు దొరికింది. ఇద్దరినీ పిలిపించాను. ఊరు పేరున్న చోట గీతలు పడి అంతా చెరిగిపోయింది. మండలం మాత్రం గార్లదిన్నె అని మిగిలింది. ఇంతకన్నా నావల్ల కాదని చెప్పి మిషన్ ఆపబోయాను.

"కడాకు రిమార్కులని ఒగ కాలమ్ పెట్టింటి. అది సూడప్పా," అన్నాడు ఓబులపతి.

అప్పటి కంప్యూటర్లో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేశాడాయన. నేను పైకి చదివాను: "నాయన వచ్చినాడు. చేర్పించి పోయినప్పుడు బిడ్డ ఏడ్సి రెండు దినాలు అన్నం తినలేదని పిలవద్దన్నాడు. కిటికీలోంచి సూసి పోయినాడు. బొరుగుల పొట్లం తెచ్చినాడు. తన పేరు చెప్పకుండా నేనే ఇచ్చినట్లు ఇయ్యమన్నాడు." అలాంటివి మూడు రాకలు నమోదై ఉన్నాయి.

వందలమంది పిల్లల్లో తనకిది గుర్తే లేదని ఓబులపతి కళ్లు తుడుచుకున్నాడు. మారెక్క తెర మీది నుంచి చూపు ఆయన వైపు తిప్పింది.

"ఆ బొరుగులు మీరే ఇచ్చినారనుకుంటి సార్," అంది ఆయనతో.

మర్నాడే ఇద్దరూ గార్లదిన్నె బస్సెక్కారు. ఊరూరా అడిగితే నాలుగో ఊళ్లో మేనత్త దొరికింది. నాయన బెంగళూరులోనే ఎప్పుడో జబ్బుచేసి పోయాడట.

ఆ తర్వాత ఎవరేది అడిగినా, అడిగిన ముక్క ఒక్కటే వెతికిచ్చి నేను చేతులు దులుపుకోలేదు. దొరికినదంతా చివరిదాకా చదివాను. ఆరోజు నా పాటికి నేను మిషన్ ఆపేసి ఉంటే, మారెక్క చనిపోయిన నాయన మీద కోపంతోనే ఇంటికి పోయేది. ఆపనివ్వనిది నేను తిట్టిన ఆ పెద్దాయనే.