పుంగనూరులో ఒక ముసలామె, కుప్పంలో ఇంకొక ముసలామె

మొన్న మా చెల్లెలి కూతురు మదనపల్లె నుంచి ఫోన్ చేసింది. వాళ్ళ కాలేజీలో డిబేట్ పెట్టారట. ఇజ్రాయెల్, పాలస్తీనాల గొడవకు రెండు దేశాలు పరిష్కారమా, లేక అందరూ కలిసి బతికే ఒకే దేశం పరిష్కారమా అన్నది అంశమని, ఏ పక్షం వస్తుందో చిట్టీ తీసేదాకా తెలియదు కాబట్టి రెండు వైపులా పాయింట్లు చెప్పు పెద్దమ్మా అని అడిగింది. రిటైరైన టీచరుకు పాయింట్లకు కరువా, గుక్క తిప్పుకోకుండా చెప్పుకుంటూ పోయాను. చివర్లో ఆ పిల్ల, గుండెను తాకే కథ ఏదైనా ఉంటే ఒకటి ఇవ్వు, జడ్జీలు దానికే పడిపోతారు అనేసరికి మాత్రం, స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఈ వయసులో కూడా నాకు సిగ్గు వేస్తే ముందు చెవులు వేడెక్కుతాయి.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, టీవీలో పదిమంది ఒకేసారి అరవడం ఇంకా మొదలుకాని ఆ రోజుల్లో కాలేజీ డిబేట్ అంటే కొత్త సినిమా విడుదలైనంత సందడి. హాలు కిటకిటలాడేది, వెనక బెంచీల వాళ్ళు ఈలలు వేసేవాళ్ళు, మాట తడబడితే కాళ్ళతో నేల తన్ని మనిషిని కిందికి దింపేదాకా ఊరుకునేవాళ్ళు కాదు. తంబళ్లపల్లె వైపు మెట్ట పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంటి నుంచి మదనపల్లె హాస్టలుకు వచ్చిన నేను, నా యాసకు పట్నం పిల్లలు నవ్వుతారని మొదటి ఏడాదంతా నోరు విప్పలేదు. అలాంటిది మా రాజనీతిశాస్త్రం సారు ఒకరోజు క్లాసులో పాఠం చదివించి, నీ గొంతు బాగుందమ్మా అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను నేలమీద నిలవలేదు. కుళాయి దగ్గర, మేడమెట్ల మీద, ఎక్కడ పడితే అక్కడ ఉపన్యాసాలే. నా గదిలో ఉండే పిల్ల పాపం దుప్పటి ముసుగేసుకుని చెవులు మూసుకునేది.

ఆ ఏడాది మాకు ఇచ్చిన అంశం కూడా సరిగ్గా ఇదే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు ఊళ్ళలో మూడు దఫాల పోటీ. రెండు దేశాలే పరిష్కారం అన్నదానికి అనుకూలంగా మాట్లాడాలి, లేదా ప్రతికూలంగా నిలబడి ఒకే దేశం కావాలనాలి. సారు మాకు రెండూ నూరిపోశాడు. అంతంత దెబ్బలు తిన్న రెండు జాతులు ఒకే కప్పు కింద నిశ్చింతగా నిద్రపోలేవు, ఎవరి జెండా వారికి, ఎవరి కాపలా వారికి ఉంటేనే భయం తీరుతుందని ఒక వాదన. అంత చిన్న నేలలో నీళ్ళూ దారులూ ఊళ్ళూ అల్లుకుపోయాక గీత ఎక్కడ గీస్తారు, జెరూసలేమును ఎవరికిస్తారు, అందరికీ ఒకే ఓటు ఇచ్చి కలిపి ఉంచడమే న్యాయమని ఇంకో వాదన. కలిపి ఉంచితే తక్కువమంది అయినవాళ్ళకు రక్షణ ఏదని వీళ్ళు, విడదీస్తే గీతకు అవతల ఇల్లు మిగిలిపోయినవాళ్ళ గతేమిటని వాళ్ళు. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి, రెండూ అంతే ఆవేశంతో వాదించేదాన్ని. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. వాదనల వరకైతే ఇప్పటికీ కనిపించదు.

మదనపల్లెలో ఆ పాయింట్లతోనే ఎలాగో గట్టెక్కాను. సారుకు మాత్రం తృప్తి లేదు. అన్నీ బాగున్నాయమ్మా, ఏడుపు ఒక్కటే లేదు అనేవాడు. ఆ ఏడుపు కోసం నేను మా అవ్వ దగ్గరికి వెళ్ళాను.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఆమె కాపురానికి వచ్చిన పల్లె నేను పుట్టకముందే డ్యాం నీళ్ళలో మునిగిపోయింది. మిట్టమీద రేకుల ఇళ్ళ కాలనీ కట్టించి అందరినీ అక్కడికి పొమ్మన్నారు. ఊరంతా తలుపులూ దూలాలూ పీక్కుని బండ్లకెత్తుకుంటుంటే, మా అవ్వ మాత్రం ఇల్లంతా పేడతో అలికి, వాకిట్లో ముగ్గు పెట్టి, ఆ తడి ఆరేదాకా కూర్చుని, అప్పుడు లేచి గొర్రెల వెంట నడిచిందట. రేపు నీళ్ళు వచ్చే ఇంటికి అలుకేమిటని చుట్టూ జనం నవ్వారట. మా తాత కూడా నవ్వాడట. ఆ నవ్వు ఆమెలో ముల్లులా దిగబడి ఉండిపోయింది. ఆ సంగతి ఎవరి ముందూ ఎత్తేది కాదు. మందలో మేమిద్దరమే ఉన్నప్పుడు నాకు మాత్రం చెప్పేది, అదీ ముఖం అటు తిప్పుకుని.

నేను ఆ అవ్వను తీసుకుపోయి ఐరోపాలో పెట్టాను. పుంగనూరులో చిట్టీ తీస్తే నాకు అనుకూలం వచ్చింది, అంటే రెండు దేశాలు. పేడ అలుకు అక్కడ కుదరదు కాబట్టి నేల కడిగించాను, ముగ్గు తీసేసి కిటికీలో పూలకుండీకి నీళ్ళు పోయించాను. ఊరినుంచి తరిమేసిన ఒక యూదు ముసలామె, మళ్ళీ రానని తెలిసి కూడా ఇల్లు కడిగి పెట్టి, మూటతో ఓడెక్కిందని, ఆమెకు తనదంటూ ఒక దేశం వద్దా, పక్కనే పాలస్తీనా వాళ్ళకు తమదంటూ ఇంకొక దేశం వద్దా అని అడిగాను. కడిగిన నేల దగ్గర సారు నేర్పినట్టే ఆగి, గొంతు తగ్గించాను. హాలంతా చప్పట్లు మోగాయి.

ఆ రోజు పుంగనూరు సంతకు గొర్రెలు తోలుకొచ్చిన మా చిన్నాన్న, అవ్వను కూడా తెచ్చి ఆఖరి బెంచీలో కూర్చోబెట్టాడని నాకు వేదిక దిగాకే తెలిసింది. తన కథేనని పట్టేసి ఉంటుందని భయపడ్డాను. కానీ అవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"ఆయమ్మ గూడా నా మాదిరే ఇల్లు కడిగి పెట్టి వచ్చిందా పాపా? సూడు, నన్ను పిచ్చిదన్నారు గదా వీళ్ళంతా! యాడుండాది ఆయమ్మ ఇప్పుడు? ఇల్లు మళ్లా ఇచ్చినారా?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చుట్టూ జనం మెచ్చుకుంటున్నారు, సారు నవ్వుతూ వస్తున్నాడు. ఇంకా ఇవ్వలేదవ్వా, మాట్లాడుకుంటున్నారు అన్నాను.

ఇక నేను ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ అవ్వకు ఆయమ్మ కబురు కావాలి. రేడియోలో వార్తలు వస్తే పని వదిలేసి దగ్గర కూర్చునేది. ఒకప్పుడు తనను చూసి నవ్విన ఆడవాళ్ళనే పిలిచి, దూరదేశంలో ఒకామె కూడా అట్లే చేసిందంట, మా పాప చెప్పింది అని తలెత్తుకుని చెప్పేది. నేను కబుర్లు కల్పిస్తూ పోయాను. అవ్వకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆయమ్మకూ మోకాళ్ళ నొప్పులు తెచ్చిపెట్టాను. అవ్వ ఆమెకు ఆముదం రాసుకోమని చెప్పి పంపింది, నేను తలూపాను.

కుప్పంలో ఆఖరి పోటీ అనగానే, ఆయమ్మ సంగతి చెప్తావు గదా, నేనూ వస్తాండా అని అవ్వ పట్టుబట్టింది. పలమనేరు మీదుగా బస్సులో, కిటికీ పక్కన, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. కుప్పం హాలులో ఒక వరుసలో అరవం, ఒక వరుసలో కన్నడం, మధ్యలో మన తెలుగు వినిపిస్తుంటే, ఇంతమంది ఆయమ్మ కోసమే వచ్చారా అని కూడా అడిగింది. నేను చిట్టీ తీశాను. ప్రతికూలం. ఒకే దేశం.

ఉత్త పాయింట్లతో సరిపెట్టుకోవచ్చు. కానీ నాకంటే ముందు మాట్లాడిన అమ్మాయి అదరగొట్టి దిగింది, బల్లమీద షీల్డు తళతళలాడుతోంది, సారు కళ్ళతోనే ఏడుపు, ఏడుపు అని సైగ చేస్తున్నాడు. ఐరోపా ముసలామె చేతిలోని చీపురు లాక్కుని పాలస్తీనా ముసలామె చేతికిచ్చాను. ఆమె వెళ్ళిపోయే ముందు ఇల్లు కడిగింది, వాకిట్లో ఆలివ్ చెట్టుకు నీళ్ళు పోసింది, గీత మీరెక్కడ గీసినా ఆమె గడప అవతలే పడుతుంది, కాబట్టి గీతే వద్దు, ఒకే దేశంలో ఆమెను తన ఇంటికి పోనివ్వండి అన్నాను. అదే చోట ఆగాను, అలాగే గొంతు తగ్గించాను. అప్పుడు నా చూపు అవ్వ మీద పడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె చేతులు ఒళ్ళో అలాగే ఉన్నాయి.

తిరుగు బస్సులో షీల్డు అవ్వే పట్టుకుంది, గీతలు పడతాయని కొంగు చుట్టి మరీ. నేను నిద్ర నటిస్తూ ఉన్నాను. పలమనేరు దాటాక మెల్లగా అంది.

"అట్లయితే ఆయమ్మ లేదు గదా పాపా."

నేను కళ్ళు తెరవలేదు. మళ్ళీ తనే, "పోనీలే. బాగా సెప్పినావు," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత అవ్వ వార్తల దగ్గర కూర్చోలేదు. కాలనీలో ఆడవాళ్ళు ఆయమ్మ ఏమైందని అడిగితే ఏం చెప్పుకుందో నాకు తెలియదు. మందలో మేమిద్దరమే ఉన్నా పాత ఇంటి మాట మళ్ళీ ఎత్తలేదు. తప్పయిందవ్వా అని నేను నోరు తెరిచినప్పుడల్లా ఏదో గొర్రెపిల్ల తప్పిపోయినట్టు లేచి వెళ్ళిపోయేది.

ఆమె పోయిన చాలా ఏళ్ళకు, ఆ దేశాల మనుషులు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు చదవడం మొదలుపెట్టాను. పారిపోయే ముందు పక్కలు సర్దిపెట్టినవాళ్ళు, గిన్నెలు కడిగి బోర్లించినవాళ్ళు, చెట్టుకు నీళ్ళు పోసినవాళ్ళు, అటువైపూ ఉన్నారు, ఇటువైపూ ఉన్నారు. మన రోజుల్లో అంత దూరపు మనిషి ముఖం ఎలా ఉంటుందో మనమే ఊహించుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ ముఖాలు అరచేతిలోని ఫోనులోకే వస్తున్నాయి, వాటి కింద మనవాళ్ళు ఒక దేశమా రెండు దేశాలా అని తిట్టుకుంటున్నారు. ఏది సరైనదో నాకు ఇప్పటికీ తెలియదు. పుంగనూరులో మా అవ్వ నమ్మింది మాత్రం నిజం. తనలాంటి ఆడవాళ్ళు ఈ లోకంలో ఉన్నారు. అది అబద్ధాలాడిన నా నోటివెంట విన్నది కాబట్టి, అలాంటివాళ్ళు ఎవరూ లేరనుకుంటూనే ఆమె వెళ్ళిపోయింది.