కొబ్బరికాయ లేచిన చోటు

నా చిన్నప్పుడు గౌనిపల్లిలో మా బావి ఎండిపోయిన వేసవిలో, మా తాత కన్నకొడుకు మాట కాదని మొండికేసి బోరు బండికి అడ్డంగా కూర్చున్నాడు.

చేలో టమాటా మొక్కలు తలలు వాల్చేశాయి. బోరు వేయించే స్తోమత మాకు లేదు. అప్పుడు పొరుగు రాష్ట్రం నుంచి బోరు బండి ఆసామి ఒకాయన వచ్చి ఖర్చంతా తనదేనన్నాడు. నీళ్లు పడకపోతే నష్టం తనది. పడితే మాత్రం ముప్పాతిక నీళ్లు, ఎప్పటికీ, పక్కన తాను గుత్తకు తీసుకున్న తోటకు పోవాలి. మా నాయన ఎగిరి గంతేశాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ల జాడ చూసే ఆయన్ని పిలిపించాడు. కాయ నిలువుగా లేచిన చోట పసుపు పూసిన రాయి పెట్టారు. బండి అక్కడికి రాబోతుంటే, కోలారు బంగారు గనిలో ఒళ్లు అరగదీసుకుని వచ్చిన మా తాత పోయి ఆ రాయి పక్కనే చతికిలబడ్డాడు.

నాయనకు తిక్కరేగింది. మనదేం పోతుంది, వెతుక్కుంటూ వచ్చినాయన్ని తరిమేస్తావా అని అరిచాడు. ఆసామి బండి తిప్పమన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ బండి పోతే చేను పోయినట్టే.

తాత దగ్గు ఆపుకుని నిదానంగా అన్నాడు: "ఊరికే ఎవరూ రారప్పా. మా గనికి సముద్రం దాటి వచ్చిన తెల్లోళ్లూ ఊరికే రాలేదు. మనకి దుడ్డు లేదు, మిషను లేదు. భూమిలో మాత్రం ఉండాది. దానికే వస్తారు. రానీ, వాళ్లకీ మిగలాల. ఇంగ వాళ్లు పోయేనాటికి మనకేం మిగలాలో గుంత తవ్వకముందే అడగాల. మేము అడగలేదు. మాకు మన్ను దిబ్బలు, ఈ దగ్గు మిగిలినాయి."

బండి రోడ్డెక్కి ఆగింది. ఆసామి తోట కూడా ఎండుతోందని తాతకు తెలుసు. ఆసామి దిగి వచ్చి, తాత అడిగినట్టే తన తోటకు సగం నీళ్లే, అదీ ఐదేళ్లే, ఆ తర్వాత బోరు మాదేనని నలుగురి ముందు ఒప్పుకున్నాడు. అప్పుడు గానీ తాత లేవలేదు. సాయంత్రం దాకా దుమ్మే లేచింది. నాయన తాత ముఖం వైపు చూడలేదు. ఆఖరికి దుమ్ము తడిసింది, బురదయింది, నీళ్లు ఎగిశాయి. నాయన పోయి తాత కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు.

నరసాపురంలో కొలువు చేసే నా మనవరాలు ఈ కథ వింటూ పెరిగింది. ఏదో బీద దేశంలో చమురు బావులు తవ్వడానికి విదేశీ కంపెనీలు పోటీపడుతున్నాయని మొన్న ఫోన్లో చూసి, పరాయి నేల మీద అంత డబ్బు ఎందుకు పోస్తారవ్వా అని అడిగింది. ఆ భూమిలో ఉంది కాబట్టి, తీసే స్తోమత అక్కడివాళ్లకు లేదు కాబట్టి అన్నాను. కానీ అంతటితో ఊరుకోలేకపోయాను.

"అది సరే గానీమ్మా, అక్కడ ఆ రాయి పక్కన ఎవరన్నా కూర్చున్నారా?"